మజ్జిగ పోయని చెయ్యి

పల్లెటూరి ఆసుపత్రుల్లో కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆడపిల్లలు ఒక్కోసారి మా ఇంటికి వస్తుంటారు. నా నెరిసిన తల చూసి, "అమ్మమ్మా, మీ కాలంలో కాన్పులు ఎట్ల చేస్తాంటిరి?" అని అడుగుతారు. కాన్పు సంగతి వాళ్ళకు చదువులోనే చెప్పారు. అప్పుడు బిడ్డ ఏ దారిన వచ్చిందో ఇప్పుడూ ఆ దారినే వస్తుంది, నేను కొత్తగా చెప్పేదేముంది? నాకు చెప్పాలనిపించేది భయం గురించి. ఆ మాటెత్తితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వండి తల్లీ, నవ్వండి. మొదటి పల్లెకు పోయి మొదటి అత్తగారి ముందు నిలబడ్డాక అప్పుడు నవ్వుదురుగాని.

నేను మార్కాపురం ఆసుపత్రిలో చేరింది తెల్లవాళ్ళ దొరతనంలో. అప్పటికి మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, పైన మద్రాసు ప్రభుత్వం. కాన్పులు చేయడానికి శిక్షణ పొందిన ఆడమనిషిని ఆసుపత్రిలో మిడ్వైఫు అనేవాళ్ళు, ఊళ్ళలో నర్సమ్మ అనేవాళ్ళు. బస్సులు లేని ఊళ్ళకు పలకల బండ్ల మీద ఎక్కి పోయేదాన్ని. రాతి పలకలు దించి ఖాళీగా తిరిగి వచ్చే బండివాళ్ళు, "కూర్చో నర్సమ్మా, ఎముకలు సర్దుకుంటాయి" అని ఎగతాళి చేసేవాళ్ళు. సంచిలో కత్తెర, దారం, మందుసబ్బు, డెటాలు సీసా. గుండెలో మాత్రం ఒకటే దడ. ఈ గడప దాటి లోపలికి పోయిన నేను, రేపు ఇదే గడప దాటి మొహం ఎత్తుకుని బయటికి వస్తానా రానా అని.

నాకు శిక్షణ ఇచ్చిన పెద్దనర్సు ఒక పొట్టి మనిషి, కోపం జాస్తి. ఆవిడ చెప్పినవాటిలో సగం మరచిపోయాను, ఒకటి మాత్రం మరవలేదు. "అత్తగారితో వాదం పెట్టుకోకు. ఆమె చేతికి ఏదో ఒక పని ఇవ్వు. పని లేని చెయ్యి నీ పనిలోకి వస్తుంది." ఇది అచ్చంగా నిజం. ఎన్నో ఇళ్ళలో నన్ను కాపాడింది. ఒక్క ఇంట్లో మాత్రం అది సరిపోలేదు. ఆ ఇంటి సంగతే ఇక్కడ రాస్తున్నాను.

గాలెమ్మ ఇల్లు

పొదిలి దారిలో గొర్రెల కాపరుల పల్లె ఒకటి ఉంది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కార్తీకం వచ్చినా చేలు ఎండిన చర్మంలాగా పగిలి ఉన్నాయి. మేత లేక మొగవాళ్ళంతా మందలను తోలుకుని నల్లమలకు పోయారు. ఊళ్ళో మిగిలింది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పసిపిల్లలు.

అక్కడ చెన్నక్క అనే పిల్లకు తొలి కాన్పు. దాని మొగుడు ఓబులేసు కూడా మందతో నల్లమలలోనే ఉన్నాడు. అమ్మగారింట్లో ఎవరూ లేనందువల్ల కాన్పు అత్తగారింట్లోనే. అత్త పేరు గాలెమ్మ. ఎండిన చింతబరికెలాగా సన్నగా, గట్టిగా ఉండేది. మామ రంగప్ప అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఆయన మెడ తిరగదు. నడుము వంగిపోయి బిగుసుకుపోయింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సిందే. అట్లాంటి మనుషులు మా సీమలో చాలామంది. అది కొన్ని బావుల నీళ్ళలోని గుణమని తరవాత ఎప్పుడో తెలిసింది. ఆ రోజుల్లో అందరూ దాన్ని వాతం అనే అనేవాళ్ళు. వయసులో ఉన్నవాళ్ళు ఆ ముసలివాళ్ళను చూసినప్పుడల్లా తమ మెడలు ఒకసారి తిప్పి చూసుకునేవాళ్ళు. నేనూ చూసుకునేదాన్ని.

నేను లోపలికి పోయేసరికి గాలెమ్మ చీర చెరుగు బిగించి కూర్చుని ఉంది. "నువ్వు పక్కన కూర్చో బిడ్డా, నేను తీస్తాలే. ఈ చేత్తో ఎన్ని గొర్రెలకు ఈత చేసినానో నీకు తెల్దు. అడ్డం తిరిగిన పిల్లను గూడ లాగినాను" అంది. చేతులు చూశాను. పొద్దున పెంట తీసిన చేతులు, గోళ్ళ కింద నల్లగా ఉన్నాయి. పెద్దనర్సు మాట గుర్తు తెచ్చుకుని, "అత్తా, నీ చేతి బలం నాకు తెలుసు. నాకు మరిగిన నీళ్ళు కావాలి, నువ్వయితేనే సరిగ్గా కాస్తావు" అన్నాను. గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. మగబిడ్డ పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం.

అన్నీ అయ్యాక గాలెమ్మ నా పక్కన కూలబడి తన కూతురి సంగతి చెప్పింది. పేరు లచ్చుమి. పురిటికి ఇంటికి వచ్చిందట. బిడ్డ బయటపడ్డాక మావి రాలేదట. "ఈ చెయ్యే లోపల పెట్టి తీసినాను. ఒక్క ముక్క మిగల్చకుండ తీసినాను" అని గాలెమ్మ తన కుడిచెయ్యి చూపించింది. మూడోనాడు పిల్ల దాహం దాహమని ఏడిచిందట. మజ్జిగన్నం పెట్టమని కాళ్ళు పట్టుకుందట. "ఎండలు మండిపోతాండాయి. తల్లి మనసు గదా, నా చేత్తోనే మజ్జిగ పోసి కలిపి పెట్టినాను. ఆ సందేళకే చలిజొరం. వారం తిరగలేదు, పోయింది. బాలింతకు మజ్జిగ పోసి సంపుకున్నాను బిడ్డా, నా చేతులారా సంపుకున్నాను."

ఆనాటి నుంచి ఆవిడ మజ్జిగ ముట్టలేదు. ఆ ఇంట్లో కవ్వం అటక మీద పడి ఉంది.

కడగని చెయ్యి లోపలికి పోతే పురిటిజ్వరం వస్తుందని మాకు మొదటి పాఠంలోనే చెప్పారు. లచ్చుమిని ఏది తీసుకుపోయిందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. ఆ తల్లికి ఆ మాట చెప్పి నేనేం సాధిస్తాను?

"ఈ పిల్లకు మాత్రం పత్యం తప్పనియ్యను" అంది గాలెమ్మ, నిద్రపోతున్న చెన్నక్కను చూస్తూ. "చుక్క పులుపు తగలనియ్యను. నువ్వు సూడు."

పత్యం

మా వైపు మనిషి తిండి జొన్నసంకటి, కొర్రన్నం. దానిలోకి గోగాకు, చింతపండు పులుసు, పచ్చిమిరపకాయ, మజ్జిగ. బాలింతకు ఇవేవీ పెట్టరు. ఆకుకూర శీతలం, మజ్జిగ శీతలం, పులుపు వాతం, పచ్చిమిరపకాయ బిడ్డకు మంట. పాతబియ్యం ఉంటే ఆ అన్నం, లేకపోతే కొర్రన్నం, అందులోకి వెల్లుల్లి కారం, మిరియాల పొడి, వేయించిన ఉప్పు. కలిగినవాళ్ళయితే నెయ్యి చుక్క. నీళ్ళు కూడా కాచి కొలిచి ఇస్తారు.

పత్యమంతా మూఢత్వమని నేను అనడం లేదు. అట్లా అనే కుర్ర డాక్టర్లంటే నాకు ఒళ్ళుమంట. మామూలు ఏడాదిలో కడుపుతో ఉన్న పిల్ల గోగాకూ, మామిడికాయా, చింతచిగురూ కడుపునిండా తిని ఉంటుంది. ఆ బలంతో నెలా రెండు నెలలు పత్యం దాటేస్తుంది. కరువు ఏడాదిలో అట్లా కాదు. చెన్నక్క కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పచ్చని ఆకు కనపడలేదు. ఉన్న ఆవు వట్టిపోయింది, మేకలు నల్లమలలో ఉన్నాయి. అట్లాంటి పిల్ల నేరుగా పత్యంలోకి పోయింది. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గాని, అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు.

సంక్రాంతి వెళ్ళాక గాలెమ్మ నన్ను పిలిపించింది. చెన్నక్క మోకాళ్ళు వాచి ఉన్నాయి. ముట్టుకుంటే ప్రాణం పోయినట్టు అరుస్తోంది. కాళ్ళు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది, చాపమని అంటే ఏడుపు. బిడ్డ మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. తల్లి ఒంట్లో ఉన్న కాస్త సారమూ వాడే పీల్చేసుకుంటున్నాడని మనకేం తెలుసు?

"బాలింత వాతం బిడ్డా" అంది గాలెమ్మ. అరుగు మీది మొగుడి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు గూడ ముందు మోకాళ్ళే పట్టుకున్నాయి. ఇరవై ఏళ్ళ పిల్ల గదా ఇది. దీని బతుకు గూడ అట్లయితే?"

ఆసుపత్రికి పోయి డాక్టరుగారికి చెప్పాను. మా డాక్టరు ఖాదర్ సాహెబు కంభం వైపు మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. మోకాళ్ళ వాపు అనగానే వాతానికి ఇచ్చే మందునీళ్ళు సీసాలో పోసి ఇచ్చారు. నేను పట్టుకుపోయి తాగించాను. నొప్పి తగ్గలేదు. నొప్పి తగ్గలేదు గనక గాలెమ్మ పత్యం ఇంకా బిగించింది. వెల్లుల్లి కారంలో పులుపు కలిసిందేమోనని ఆ కారం మానిపించింది. నెయ్యి మానిపించింది. నొప్పి ఇంకా పెరిగింది. ఆ నొప్పి చూసి ఆవిడ ఇంకొకటి మానిపించింది. ఆ ఇంట్లో ఏ ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు. అందరూ కలిసి ఆ పిల్లను ప్రేమతో ఎండబెడుతున్నారు.

తరవాతి సారి పోయినప్పుడు చెన్నక్క నన్ను చూసి నవ్వబోయింది. చిగుళ్ళు ఉబ్బి వంకాయ రంగుకు తిరిగాయి, పళ్ళ మధ్య నెత్తురు. కాళ్ళ మీద కమిలిన మచ్చలున్నాయి.

"ఎవరన్నా కొట్టినారా?" అని మెల్లిగా అడిగాను.

"ఎవరు కొడతారక్కా, మా అత్త నన్ను కింద కాలు పెట్టనీదు" అంది. మళ్ళీ తనే, "అక్కా, నేను సచ్చిపోతే పిల్లోడికి పాలెవరిస్తారు? మేకలు గూడ ఊళ్ళో లేవు" అంది. ఏడవకుండా అడిగింది. బయటికి వచ్చి బండి కోసం చూడకుండా నడుచుకుంటూ పోయాను.

కంచంలో ఏం పడుతోంది?

చిగుళ్ళ సంగతి చెప్పగానే డాక్టరుగారు రాస్తున్న కలం కింద పెట్టారు.

"ఏం తింటోంది?"

"పత్యం, డాక్టరుగారూ."

"పత్యమనేది ఏదన్నా కూర పేరా అమ్మాయ్? కంచంలో ఏం పడుతోందని అడుగుతున్నాను."

చెప్పాను. కొర్రన్నం, ఉప్పు, మిరియాల పొడి. చెబుతూంటే ఆ కంచం ఎంత ఖాళీగా ఉందో నా చెవులకే వినిపించింది. ఆకు ఉందా అన్నారు, లేదన్నాను. కాయ? లేదు. పులుపు? చుక్క లేదు. ఎప్పటి నుంచి? కాన్పు నుంచి. అంతకుముందో? కరువు గదా.

"అరె అల్లా" అని ఆయన కళ్ళద్దాలు తీసేశారు. "ఇది స్కర్వీ. ఓడల మీద నెలల తరబడి ఎండురొట్టె తిని బతికేవాళ్ళకు వచ్చే రోగం. సముద్రం మొహం చూడని పిల్లకు ఇంట్లో కూర్చోబెట్టి తెప్పించాం. నెత్తురు దిగి కీళ్ళు వాస్తాయి. నేనూ మోకాళ్ళనగానే వాతమనుకున్నాను. ఈ సీమలో మోకాళ్ళంటే ఇంకొకటి తోచి చావదు."

"తగ్గుతుందా?"

"నిమ్మకాయతో తగ్గుతుంది. నిమ్మరసం, ఉసిరికాయ, ఏ పచ్చి ఆకు దొరికితే ఆ ఆకు. నోట్లో పడితే రోజుల్లో తేడా తెలుస్తుంది." ఆయన లేచి నిలబడ్డారు. "పడకపోతే మాత్రం మోకాళ్ళతో పోదు. ఇంత ముదిరినవాళ్ళను పట్టుకుని లేపితే, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే గుండె ఆగి పడిపోవచ్చు. ఎవరూ ఆ పిల్లను లేపకూడదు. ముందు ఆ మాట చెప్పు పో. నేను గిద్దలూరు కేసు చూసుకుని రేపు వస్తాను."

నేను దుకాణంలో దొరికిన నిమ్మకాయలన్నీ కొంగులో వేసుకుని బయలుదేరాను. కరువు కాయలు, గోలీలంతేసి ఉన్నాయి. దారి పొడుగునా నాకు ఒక్కటే తలపు. ఎవరో చెప్పారని గాలెమ్మ మొన్న నాతో అంది, నడిపిస్తే పట్టు వదులుతుందట, మంచిరోజు చూసి పిల్లను లేపి నడిపిస్తానంది. ఏ రోజని నేను అడగలేదు.

నిమ్మకాయ

ఆ రోజేనని వాకిట్లో అడుగుపెట్టగానే తెలిసింది. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు చెన్నక్కను చంకల కింద పట్టుకుని ఉన్నారు. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. గాలెమ్మ ముందు నిలబడి, "లెయ్ మా తల్లీ, ఒక్క అడుగెయ్యి" అంటోంది.

"వదలండి! పడుకోబెట్టండి!" అని నేను అరిచిన అరుపుకు అరుగు మీది రంగప్ప మనిషి మొత్తం ఇటు తిరిగాడు. ఆడవాళ్ళు హడలిపోయి పిల్లను చాప మీదికి దించారు. నేను నాడి పట్టుకున్నాను, ఎంత కొడుతోందో లెక్క అందలేదు. ఉంది, అంతే.

నా కొంగు విడిపోయి నిమ్మకాయలు నేలమీద దొర్లాయి. గాలెమ్మ వాటిని చూసింది. పాములను చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందివి?"

"మందు అత్తా. డాక్టరుగారు తాగించమన్నారు."

"బాలింతకా? పులుపా? నీకు మతి పోయిందా ఏంది? కీళ్ళు పట్టుకున్నదానికి నిమ్మకాయా? నా కూతురి సంగతి నీకు చెప్పలేదా నేను?" ఆవిడ గొంతు ఒక్కసారిగా లేచింది. "మజ్జిగకే పోయింది నా బిడ్డ! మజ్జిగకే! నువ్వు నిమ్మకాయ తెస్తివా నా ఇంట్లోకి!"

ఏం చెప్పినా వినలేదు. వాదించకు, పని ఇవ్వు అన్న పాఠం ఆ పూట నన్ను గాలికొదిలేసింది. ఇవ్వడానికి నా దగ్గర పనేముంది? పక్కింటివాళ్ళు గోడల మీది నుంచి చూస్తున్నారు. నాకు నా భయం కూడా ఉంది, దాచుకోను. నిమ్మరసం పోశాక ఈ పిల్ల పోతే, పొదిలి నుంచి మార్కాపురం దాకా ఒక్క తలుపూ నాకు మళ్ళీ తెరుచుకోదు. నర్సమ్మ నిమ్మకాయ పిండి చంపిందంటారు. పోయకపోతే పిల్ల ఎలాగూ పోతుంది, గాలెమ్మ పత్యం మంచిదని ఊరు మెచ్చుకుంటుంది. నా చేతుల్లో ఉన్నది డాక్టరుగారి ఒక్క మాట మాత్రమే.

అప్పుడు రంగప్ప నోరు తెరిచాడు. ఆయన మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"ఒమేయ్, నేను పులుపు మాని ఎన్నేండ్లయినాది?"

గాలెమ్మ నిమ్మకాయల మీది నుంచి చూపు తిప్పి ఆయన వైపు చూసింది.

"లచ్చుమి పుట్టకముందు మానిపిస్తివి. వాతమంటివి. చింతపండు లేదు, మజ్జిగ లేదు. సప్పిడి కూడు తిని తిని నాలిక సచ్చిపోయింది. నేనేమన్నా అన్నానా? ఏండ్లు గడిసినాయి. నా మెడ తిరిగినాదా, సెప్పు." ఆయన మెడ తిప్పబోయాడు. అది తిరగలేదు. ఒళ్ళంతా తిరిగింది. "తిరగలా. పత్యంతో అయ్యేదుంటే నాకు అయ్యుండాల. ఆ పిల్లను నా మాదిరి సెయ్యొద్దు."

గాలెమ్మ గుడిసె గుంజకు ఆనుకుని కిందికి జారిపోయింది. చాప మీది నుంచి చెన్నక్క, "అత్తా, తాగుతాను. నీ మీద మాట రానీను. నేనే తాగినానని అందరూ సూస్తాండారు గదా" అంది.

గాలెమ్మ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "పొయ్యి. నువ్వే పొయ్యి. నేను మాత్రం నా చేత్తో పొయ్యను."

నేను పిండాను. నిమ్మరసం పుండయిన చిగుళ్ళకు తగిలేసరికి చెన్నక్క వేసిన కేక ఆ వీధి చివరిదాకా వినపడింది. నోటి నుంచి నెత్తురూ రసమూ కలిసి కారాయి. "సంపేసింది, సంపేసింది!" అని గాలెమ్మ బిడ్డను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎవరో నా సంచి అవతలికి విసిరేశారు. నేను కదలలేదు. ధైర్యం కాదు తల్లీ, కాళ్ళు రాలేదు. రసంలో నీళ్ళు కలిపి, గుడ్డ ముంచి, చెంపలోపల చుక్క చుక్కగా పిండుతూ కూర్చున్నాను. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుని మింగింది.

మరునాడు డాక్టరుగారు జట్కాలో వచ్చి చూశారు. చెన్నక్క చాప పక్కనే కూర్చుని, "ఈమె అత్తగారు ఎక్కడ?" అని అడిగారు. గాలెమ్మ తలుపు చాటునుంచి వచ్చింది. "అమ్మా, మొదట నేను ఇచ్చిన మందు తప్పు. మీరొక్కరే కాదు, నేనూ వాతమే అనుకున్నాను" అన్నారు. నేను చూసిన పెద్ద డాక్టర్లలో పల్లెటూరి మనిషి ముందు అంత మాట అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. గాలెమ్మ ఆయన మొహం వైపు చూసిన చూపు కొంచెం మెత్తబడింది. నిమ్మకాయలు బయటపడెయ్యలేదు, అంతే నాకు చాలు.

ఆ రోజులు నేను ఎట్లా గడిపానో చెప్పలేను. పొద్దున లేస్తే ఆ పల్లె వైపు నుంచి ఎవరైనా కబురు తెస్తారేమోనని ఆసుపత్రి వాకిలి చూసేదాన్ని. ఎవరూ రాకపోతే ఇంకా భయం. నేనే పోయేదాన్ని. మొదట చిగుళ్ళ నెత్తురు ఆగింది. తరవాత చెన్నక్క తనంతట తాను కాలు చాపింది. అది చూసి నేను అవతలికి తిరిగి ఏడిచాను. ఈలోగా ఓబులేసు నల్లమల నుంచి దిగివచ్చాడు. నెలల తరబడి అడవిలో ఉన్నా మనిషి నిగనిగలాడుతున్నాడు. భుజాన మూటలో అడవి ఉసిరికాయలు ఉన్నాయి. "ఆకలైతే ఇయ్యే నములుతాంటిమి. పచ్చడికని తెచ్చినాను" అన్నాడు. గాలెమ్మ ఆ కాయలకేసి, తన కొడుకు కీళ్ళకేసి మార్చి మార్చి చూసింది. పోయిన ఏడు కూడా వాడు ఇట్లాగే తెచ్చాడట. ఆ ఉసిరి తొక్కు జాడీ బాలింతకు కనపడకుండా అటక మీద కవ్వం పక్కనే ఉంది.

చేతులు

శివరాత్రి దాటాక చెన్నక్క గోడ పట్టుకుని నిలబడింది. ఉగాది నాటికి బిడ్డను చంకనేసుకుని వాకిట్లో తిరిగింది. ఇక నాతో ఆ ఇంటికి పనిలేదు. చివరిసారి చూసి వద్దామని పోయాను.

గాలెమ్మ నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. పెరట్లో మేమిద్దరమే.

"నర్సమ్మా, ఒక మాట అడుగుతాను. అబద్ధం సెప్పొద్దు." ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "కీళ్ళు పట్టుకున్న బాలింత ఇంత పులుపు తాగి బతికినాది గదా. అయితే నా లచ్చుమి మజ్జిగకు పోలేదా?"

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన భయం ఇదేనని అప్పుడు తెలిసింది.

"లేదత్తా. మజ్జిగకు పోలేదు."

"మరి దేనికి పోయింది?"

ఆవిడ చేతుల వైపు చూడకూడదని నా కళ్ళను గట్టిగా పట్టుకున్నాను. ఎదురుగా కనపడిన దడినీ, ఆరేసిన గుడ్డలనూ చూశాను. "జొరానికి. పురిటిజొరం అత్తా. కొందరికి వస్తుంది."

"ఊరికేనే వస్తాదా?"

"కొందరికి వస్తుంది" అని మళ్ళీ అన్నాను.

అంతకుమించి ఆవిడ అడగలేదు. లోపలికి పోయి అటక మీది కవ్వం దించింది. పక్కింటి నుంచి పెరుగు తెచ్చి చిలికింది. చెన్నక్కకు అన్నం పెట్టి, తన కుడిచేత్తో మజ్జిగ పోసింది. మజ్జిగ కంచం అంచుకు తగిలి చిందింది. ఆ పిల్ల ఆఖరి ముద్ద మింగేదాకా ఎదురుగా కూర్చుని దాని గొంతునే చూసింది. స్కర్వీకి మందు మజ్జిగలో లేదని నాకు తెలుసు. ఆ ఇంటికి మాత్రం అదే కావాల్సింది.

కొత్త పిల్లలు నన్ను అడుగుతారు, నిజం చెప్పాల్సింది గదా అని. చెప్పండి. మీరు ధైర్యవంతులు, చెప్పండి. నేను మాత్రం ఆ పెరట్లో మళ్ళీ నిలబడినా అదే చెబుతాను. మీకు నేను చెప్పేది ఒకటే. పత్యం అనగానే తల ఊపి రాకండి, కుండ మూత తీసి చూడండి. ఎవరు ఏది మానిపించారో అడిగితే సరిపోదు, ఎవరిని పోగొట్టుకుని మానిపించారో కూడా అడగండి.

ఆ ఉగాది తరవాత వానలు పడ్డాయి. మళ్ళీ ఆ ఊరికి పక్కింటి కోడలి కాన్పుకు పోయాను. నేను అడగకముందే పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. ఎవరు పెట్టారని చూస్తే గాలెమ్మ. పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, పొగలు కక్కే నీళ్ళలో కుంకుడు నురగతో చేతులు కడుగుతోంది. మోచేతుల దాకా రుద్దుతోంది. గోళ్ళ కింద పుల్లతో గీకుతోంది. చర్మం ఎర్రగా కందిపోయింది.

"అత్తా, చాలు. ఈ కాన్పు నేను చూసుకుంటాను, నువ్వు ముట్టుకోవాల్సిన పనిలేదు" అన్నాను.

"నేను ముట్టుకోనులే బిడ్డా" అంది గాలెమ్మ, తల ఎత్తకుండా. "ఊరికేనే కడుక్కుంటాండాను."